తులమునకు నిలుకడ తెచ్చిన జేమ్స్ ప్రిన్సెప్

వర్తకుని పరువు రెండింటిపై నిలిచియుండును. ఒకటి మాట, రెండవది తూకము. మాట తప్పినవానిని ఊరు త్వరలోనే గుర్తించును. తూకము తప్పినవానిని గుర్తించుట అంత సులభము కాదు. కొనువాని యింట ఒక రాయి, అమ్మువాని అంగడిలో వేఱొక రాయి ఉన్నప్పుడు ఏది సరియైనదో తేల్చుటకు ఉభయులును అంగీకరించిన మూడవ రాయి కావలెను. ఈ దేశమున అట్టి మూడవ రాయిని నిలుపుటకు పాటుపడినవారిలో జేమ్స్ ప్రిన్సెప్ ముఖ్యుడు. అశోకుని శాసనముల లిపిని చదివినవాడుగా ఆయన పేరు బడిపిల్లలకు సైతము తెలియును. అయితే ఆయన జీతము తీసికొని చేసిన పని వెండి బంగారములను తూచి వన్నె కట్టుట. తులము, శేరు, మణుగు అను మాటలకు ఒక నిశ్చితార్థము కలుగుటలో ఆయన పాలు ఎంతటిదో తెలిసినవారు కొందఱే.

శ్రావకుల అణువ్రతములలో మూడవదియగు అచౌర్యవ్రతమునకు తత్త్వార్థసూత్రము అయిదు అతిచారములను చెప్పుచున్నది. హెచ్చుతగ్గు తూకములు, కొలతలు వాడుట వానిలో నొకటి. మేలు సరకని చెప్పి నకిలీ సరకు నిచ్చుట మఱియొకటి. దొంగతనమనగా గోడకు కన్నము వేయుటయే యని సరిపెట్టక, త్రాసు ముల్లు దాక విచారించిన ధర్మమిది. కాని ఊరికొక తూకము చెల్లుచుండిన కాలమున, వ్రతమును శ్రద్ధతో పాటించు వర్తకుడు సైతము తానెఱుగకయే ఒకచోట తక్కువయు, మఱియొకచోట ఎక్కువయు తూచినవాడగును. అందుచేత తూకమును స్థిరపఱచుట ప్రభుత్వపు సౌకర్యమునకు మాత్రమే చెందిన పని గాదు. నీతిగా బ్రతుకగోరువానికి దారి సుగమము చేసిన పని.

జేమ్స్ ప్రిన్సెప్ 1799వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన ఇంగ్లండున జన్మించెను. తండ్రి జాన్ ప్రిన్సెప్ వర్తకుడు. 1771లో చెప్పుకొనదగిన ధనమేమియు లేకయే ఈ దేశమునకు వచ్చి, నీలిమందు వ్యాపారమున బాగుగ గడించి, 1787లో స్వదేశమునకు మరలిపోయెను. జేమ్స్ ఆయనకు పదియవ సంతానము, కుమారులలో ఏడవవాడు. తరువాత తండ్రికి నష్టములు తగులుటచే 1809లో ఆ కుటుంబము లండను విడిచి క్లిఫ్టన్ చేరవలసి వచ్చెను. కలిమిని, లేమిని రెండింటిని చూచిన వర్తకుని యింట పెరిగిన బాలుడాయన.

చిన్ననాటినుండియు ఆయన చేయి నేర్పుగలది. బొమ్మలు గీయుట, చిన్న చిన్న యంత్రములు కూర్చుట ఆయనకు ఆటలు. ఆ నేర్పు చూచి పెద్దలు ఆయనను వాస్తుశిల్పము నేర్చుకొనుటకై అగస్టస్ ప్యూజిన్ వద్ద చేర్చిరి. ఇంతలో కండ్లకు జబ్బు చేసి చూపు దెబ్బతినెను. ఆ విద్య మానుకొనక తప్పలేదు. ఈస్టిండియా కంపెనీ టంకశాలలలో వన్నె కట్టు శాఖయందు ఉద్యోగములు గలవని తండ్రి తెలిసికొని, చూపు కుదుటపడిన పిమ్మట కుమారునిచే గైస్ ఆసుపత్రిలో రసాయనశాస్త్రము చదివించెను. అటుపై లండను రాజ టంకశాలలో వన్నె పరీక్షాధికారియగు రాబర్ట్ బింగ్లీ వద్ద శిష్యునిగ నుంచెను. ఒక ద్వారము మూతపడగా తెఱచుకొన్న రెండవ ద్వారమే ఆయనను ఈ దేశమునకు కొనివచ్చినది.

1819 సెప్టెంబరు 15వ తేదీన ప్రిన్సెప్ కలకత్తాలో అడుగుపెట్టెను. అప్పటికి ఇరువది యేండ్లవాడు. కలకత్తా టంకశాలలో వన్నె పరీక్షాధికారిగ నుండిన హోరేస్ హేమన్ విల్సన్ గొప్ప సంస్కృత పండితుడు. ఆయనకు సహాయకుడుగ కొంతకాలము పనిచేసి, 1820లో ప్రిన్సెప్ కాశీ టంకశాలకు వన్నె పరీక్షాధికారిగ పోయెను. ఆ టంకశాలను 1830లో మూసివేయువఱకు అచ్చటనే యుండెను.

వన్నె కట్టుట యెంత ఓపికతో గూడిన పనియో నగల వ్యాపారము చేయువారికి చెప్పనక్కఱ లేదు. షరాబు ఒరగల్లుపై గీత గీసి, కంటితో చూచి వన్నె చెప్పును. టంకశాలలో అది చాలదు. వెండిముక్కను ముందు తూచి, సీసముతో కలిపి, ఎముకల బూడిదతో చేసిన మూసలో కఱగింతురు. సీసమును, దానితోపాటు రాగి మొదలగు కల్తీలోహములును మూసలోనికి ఇంకిపోవును. శుద్ధమైన వెండి పూసవలె మిగులును. ఆ పూసను మరల తూచినచో, తఱిగినది యెంతయో అంతయు కల్తీ. అనగా వన్నె తేలుటకు ఆధారము రెండు తూకములు. త్రాసు ఆవగింజంత అబద్ధమాడినను ఖజానాకు లక్షలలో తేడా వచ్చును. అందుచే ప్రిన్సెప్ కాశీలో మిక్కిలి సున్నితమైన త్రాసు నొకదానిని స్వయముగ నిర్మించుకొనెను. కొలిమి వేడిని కొలుచుటకు సైతము ఒక పద్ధతి కనుగొనెను. వెండి, బంగారు, ప్లాటినములను వేఱువేఱు పాళ్ళలో కలిపి, ఏ మిశ్రము ఏ వేడికి కఱగునో చూచి, దానినిబట్టి కొలిమి వేడిని నిర్ణయించుట ఆ పద్ధతి. ఈ విషయమై ఆయన వ్రాసిన వ్యాసమును లండను రాయల్ సొసైటీ 1828లో ప్రకటించినది. ఆ సంవత్సరమే ఆయనను సభ్యునిగ ఎన్నుకొన్నది. అప్పటికి ఆయనకు ఇరువది తొమ్మిదేండ్లు నిండలేదు.

కాశీవాసులకు ఆయన చేసిన మేలు మఱియొకటి గలదు. ఆ నగరమునంతయు సర్వే చేసి సరియైన పటమును తయారుచేసెను. నగరమధ్యమున నిలిచి కుళ్ళుచుండిన చెఱువుల నీరు గంగలోనికి పోవుటకు భూమిలోపల కమానుల సొరంగమును త్రవ్వించెను. ఔరంగజేబు మసీదు మినారులు పడిపోవు స్థితిలో నుండగా వానిని బాగుచేయించెను. నీటిని తాకినచో పుణ్యము నశించునని యాత్రికులు భయపడు కర్మనాశ నదిపై రాతివంతెన కట్టించుటలో పాల్గొనెను. కాశీ దృశ్యములను చిత్రములుగ వ్రాసి ప్రకటించెను. ఒకనాడు కండ్లజబ్బుచే వదలుకొన్న శిల్పవిద్య ఈ విధముగ ఆయనకు అక్కఱకు వచ్చెను.

1830లో ఆయన కలకత్తాకు మరలెను. అదే యేట సోదరుడు థామస్ గుఱ్ఱముపైనుండి పడి మరణింపగా, ఆయన ప్రారంభించిన కాలువపనిని జేమ్స్ పూర్తిచేయించెను. 1832లో విల్సన్ ఆక్స్‌ఫర్డునకు ఆచార్యుడుగ వెడలిపోయెను. ఆయన రెండు పదవులును, అనగా టంకశాలలో వన్నె పరీక్షాధికారి పదవియు, ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి పదవియు, ప్రిన్సెప్‌నకే దక్కెను.

ఆ కాలమున ఈ దేశపు తూకముల స్థితి యెట్లుండెనో కొంచెము చెప్పవలెను. మణుగు అను మాట అన్ని రాజధానులలోను గలదు. బరువు మాత్రము ఎక్కడికక్కడ వేఱు. చెన్నపట్నపు మణుగు 25 పౌనులు. బొంబాయి మణుగు 28 పౌనులు. వంగదేశమున ఒక్క కలకత్తాలోనే రెండు మణుగులు. కంపెనీ కొఠీలలో చెల్లునది 74⅔ పౌనులు. బజారు మణుగు దానికంటె పదియవ వంతు ఎక్కువ, అనగా 82 పౌనుల 2 ఔన్సులు. ఏ మణుగో స్పష్టముగ వ్రాసికొనక బేరము చేసినవానికి నూటికి పది చొప్పున దెబ్బ. ఆ రోజులలో నూటికి పది లాభము వచ్చు సరకులు ఎన్ని యుండును?

నాణెముల గొడవ దీనికి తోడు. కలకత్తా సిక్కా రూపాయి ఎత్తు ఇంచుమించు 192 గ్రెయినులు. కాశీ మొదలగు పశ్చిమప్రాంతములలో చెల్లు ఫరుకాబాదు రూపాయి 180 గ్రెయినులకు రవ్వంత మీదు. ఇవి గాక పాత నాణెములు, అరిగిన నాణెములు, నవాబుల నాణెములు పెక్కు. ఒక ఊరి రూపాయి మఱియొక ఊర చెల్లవలెనన్న షరాబునకు వట్టము చెల్లింపవలసినదే. వట్టము ఎంతయో షరాబు చెప్పినదే వేదవాక్యము.

చెన్నపట్నపు టంకశాల మాత్రము 1818లోనే 180 గ్రెయినుల ఎత్తు గల వెండి రూపాయిని తన రాజధానికి ప్రమాణనాణెముగ స్వీకరించియుండెను. అందు శుద్ధమైన వెండి 165 గ్రెయినులు. పండ్రెండింట పదునొకండు పాళ్ళు వెండి, ఒక పాలు కల్తీ. ఆంధ్రదేశపు కోస్తా జిల్లాలలో అప్పటికి చెల్లుచుండినది ఈ రూపాయియే. తరువాత దేశమంతటికిని వ్యాపించిన ప్రమాణము ముందుగా దక్షిణదేశమున నెలకొన్నదని గుర్తుంచుకొనుట మంచిది.

1833లో ప్రిన్సెప్ తూకములను సంస్కరింపవలెననియు, దేశమంతటికిని ఒకే నాణెము ఉండవలెననియు గట్టిగ వాదించెను. ఆ సంవత్సరమే ఏడవ రెగ్యులేషను వెలువడినది. దానినిబట్టి ఫరుకాబాదు రూపాయి చెన్నపట్నపు రూపాయితో సమానముగ సరిగా 180 గ్రెయినులయ్యెను. సిక్కా రూపాయి సరిగా 192 గ్రెయినులయ్యెను. ఇపుడు 15 సిక్కా రూపాయలు 16 ఫరుకాబాదు రూపాయలతో తుల్యము. ఉభయత్ర 2,880 గ్రెయినులు. వట్టము లెక్క పసిపిల్లవాడు సైతము వేయగల లెక్కయైనది. ఆ 180 గ్రెయినుల ఎత్తుకే తులమని పేరు పెట్టి, దానిని తూకములన్నిటికి మూలముగ నిర్ణయించిరి.

ఈ ఏర్పాటులోని అందము లెక్క చూచినవారికి తెలియును. 8 రత్తులు ఒక మాషము. 12 మాషములు ఒక తులము. 5 తులములు ఒక ఛటాకు. 16 ఛటాకులు, అనగా 80 తులములు, ఒక శేరు. 40 శేర్లు ఒక మణుగు. ఈ పేర్లలో ఒక్కటియు క్రొత్తది కాదు. బజారులో తరతరములుగ నలిగిన పేర్లే. మణుగునకు 3,200 తులములు. దానిని గ్రెయినులలో చెప్పినచో సరిగా 100 ట్రాయ్ పౌనులు. వెండి బంగారములను విలాయతికి పంపు కంపెనీవారికి ఇంతకంటె సులువైన లెక్క లేదు. అవర్డుపాయిస్ లెక్కలో అది 82 పౌనులు, ఒక పౌనులో ఏడింట రెండు వంతులు. పాత బజారు మణుగునకును దీనికిని మణుగు మొత్తము మీద ఇంచుమించు ఆఱు తులముల తేడా మాత్రమే. వాడుకను పెల్లగింపక, దానిని రవ్వంత సవరించి నిలబెట్టుట ఈ సంస్కరణపు గుట్టు.

సరకుల వర్తకులకు ఉపయోగించు లెక్కలు సైతము దీనినుండి చక్కగ తేలును. శేరు 14,400 గ్రెయినులు. అవర్డుపాయిస్ పౌను 7,000 గ్రెయినులు. కావున 35 శేర్లు సరిగా 72 పౌనులు. శేర్లను 72చే హెచ్చించి 35చే భాగించినచో పౌనులు వచ్చును. 245 శేర్ల సరకు 504 పౌనులు. అట్లే 49 మణుగులు సరిగా 36 హండ్రెడ్‌వెయిట్లు. భిన్నముల తోక మిగులని ఈ లెక్కలు గుమాస్తాల పాలిట వరములు.

వంగదేశమునకును చెన్నపట్నమునకును నడుమ మార్పిడి సైతము తులము వలన సుగమమైనది. చెన్నపట్నపు లెక్కలో 3 తులములు ఒక పలము. 40 పలములు, అనగా 120 తులములు, ఒక వీశె. 8 వీశెలు ఒక మణుగు. 20 మణుగులు ఒక బారువ. ఆంధ్రదేశపు అంగళ్ళలో ఏబులము, పదలము, అర్ధవీశె అనునవి ఈ వీశెకు భాగములే. వంగదేశపు శేరు 80 తులములు గనుక ఒకటిన్నర శేరు ఒక వీశె. వంగదేశపు 3 మణుగులు చెన్నపట్నపు 10 మణుగులు. ఉభయత్ర 9,600 తులములు. వంగదేశపు 6 మణుగులు ఒక బారువ. తులమను సామాన్యమైన కొలత లేనిచో ఈ రెండు మణుగులకు పొంతన కుదుర్చుట కష్టము. గంజాము జిల్లా 1936 వఱకు చెన్నపట్నపు రాజధానిలోనిది. దానికి ఉత్తరమున నున్న కటకము చిరకాలము వంగ రాజధానిలోనిది. ఈ రెంటి సరిహద్దున వ్యాపారము చేసినవారికి ఇట్టి లెక్క నోటికి రావలసినదే. శేరు విషయమున మాత్రము జాగ్రత్త కావలసియుండెను. చెన్నపట్నపు కచ్చా శేరు 24 తులములు. పక్కా శేరు 80 తులములు. కచ్చాయో పక్కాయో అడుగనివాడు మోసపోవుట నిశ్చయము.

తులమునకు రూపాయి యెత్తును ముడిపెట్టుట వలన కలిగిన పెద్ద మేలు వేఱొకటి గలదు. అంతకు పూర్వము రాయి సరియైనదా యని సామాన్యుడు పరీక్షించు దారి లేదు. ఇపుడు అతని మొలలోని రూపాయియే తూకపు రాయి. క్రొత్త రూపాయలు ఎనుబది పోసినచో శేరు. అయిదు పోసినచో ఛటాకు. అంగడివాని రాయిపై అనుమానము కలిగినవాడు రూపాయలతో సరిచూచుకొనవచ్చును. నీతిగల వర్తకుడు తన రాయి సరియైనదని అందఱి యెదుట నిరూపింపవచ్చును. తెలుగు పల్లెలలో వెండిని, మందుదినుసులను రూపాయి యెత్తు, అర్ధరూపాయి యెత్తు అని చెప్పు వాడుక చిరకాలము నిలుచుటకు కారణమిదియే.

1834లో ప్రిన్సెప్ ఉపయోగకరమైన పట్టికలు అను పేర నాణెములు, తూకములు, కొలతలను గూర్చిన పట్టికలను ప్రకటించెను. దేశమున నానాప్రాంతముల నాణెముల ఎత్తు, వన్నె, మారకపు విలువలు, తూకముల మార్పిడులు అందు గలవు. 1835లో పదునేడవ చట్టము వలన కంపెనీ రాజ్యమంతటికిని ఒకే రూపాయి వచ్చినది. 180 గ్రెయినుల ఎత్తు, 165 గ్రెయినుల శుద్ధమైన వెండి. బజారులు మాత్రము ఒక్కనాట మాఱలేదు. ఊరి తూకములు తరములపాటు కొనసాగినవి. అయినను, ఏ ఊరి తూకమునైనను ఇన్ని తులములని చెప్పినచో దేశమున నెచ్చటనైనను అర్థమగు స్థితి ఏర్పడినది.

టంకశాలకు కఱగించుటకై వచ్చు పాత నాణెములే ప్రిన్సెప్‌ను చరిత్రవైపు లాగినవి. ఎత్తు, వన్నె చూచిన కన్ను వానిపై బొమ్మలను, అక్షరములను సైతము చూచెను. దేశమున నలుమూలలనుండియు అధికారులు, యాత్రికులు నాణెములను, శాసనముల నకళ్ళను ఆయనకు పంపసాగిరి. వీనిని ప్రకటించుటకై ఏషియాటిక్ సొసైటీ పత్రికను 1832నుండి ఆయన నడపెను. పగలు టంకశాల, రాత్రి శాసనములు. ఢిల్లీ, ప్రయాగ స్తంభములపై నున్న అక్షరములను ఎవరును చదువలేకుండిరి. ప్రిన్సెప్ ఆ అక్షరములను విడదీసి, గుణింతపు గుర్తులను వరుసపెట్టి, ఏది యెన్నిమాఱులు వచ్చినదో లెక్కవేసెను. కల్తీని, వెండిని వేఱుచేయు పరీక్షకుని ఓపికయే ఇచ్చటను పనిచేసినది.

తాళపుచెవి 1837లో దొరకినది. సాంచీ స్తూపపు కటకటాలపై నున్న చిన్న చిన్న శాసనముల నకళ్ళు ఆయనకు చేరినవి. ప్రతి పంక్తియు ఒకే రెండక్షరములతో ముగియుచుండెను. ఇన్ని చిన్న పంక్తులు వేఱువేఱుగ చెక్కబడియుండుటకు కారణమేమని ఆలోచించి, ఇవి దాతల పేర్లు కావలెననియు, చివరి మాట దానమనియు ఊహించెను. ఆ ఊహతో రెండక్షరములు తేలినవి, వానితో మఱికొన్ని, కొలది దినములలో లిపియంతయు తేలినది. ఆ దాతలలో శ్రేష్ఠులు, వర్తకులు పెక్కండ్రు గలరు. రెండువేల యేండ్లనాటి దానముల పట్టిక బ్రాహ్మీలిపికి తలుపు తెఱచినదన్నమాట. ఆయనకు కమలాకాంత విద్యాలంకారుడు, సింహళపు పాలీభాష నెఱిగిన రత్నపాలుడు తోడ్పడిరి. దేవానాంప్రియుడగు ప్రియదర్శి అశోకుడే యని సింహళమునుండి జార్జి టర్నర్ నిరూపించెను.

ఆ సంవత్సరముననే భువనేశ్వరము చెంత ఉదయగిరిపై నున్న హాథీగుంఫా గుహ శాసనమును మార్ఖం కిట్టో నకలు తీసి పంపగా, ప్రిన్సెప్ దానిని తన పత్రికలో ప్రకటించెను. పదునేడు పంక్తుల ఆ శాసనము అర్హంతులకు, సిద్ధులకు నమస్కారముతో ఆరంభమగును. కళింగరాజగు ఖారవేలుని చరిత్రము అందు గలదు. నందరాజు గొనిపోయిన కళింగజినుని ప్రతిమను ఆయన మరల తెచ్చిన వృత్తాంతమును అందే గలదు. శిథిలమైన రాతిపై అక్షరములు అరిగియుండుటచే ప్రిన్సెప్ పఠనమున తప్పులు దొరలినవి. రాజు పేరు తేలలేదు. అర్ధశతాబ్దము గడచిన పిదప పండిత భగవాన్‌లాల్ ఇంద్రాజీ ఖారవేలుని పేరు సరిగా చదివి 1885లో ప్రకటించెను. అయినను ఆ శాసనపు తొలి అక్షరములు లోకమునకు వినబడినది ప్రిన్సెప్ మూలముననే. 1838లో ఆయన గిరినారు కొండ పాదమున నున్న శాసనమును, కళింగమునందలి ధౌలి శాసనమును ప్రక్కప్రక్కన ఉంచి చదివి, అవి చాలవఱకు ఒక్కటేయని తేల్చెను. గిరినారు శాసనమున గ్రీకు రాజుల పేర్లను గుర్తించి, అశోకుని కాలనిర్ణయమునకు దారి చూపెను. జైనులకు పవిత్రమైన రెండు పర్వతప్రాంతములు ఈ విధముగ ఆయన పరిశోధనలో ఒకదాని వెంట ఒకటి వచ్చుట విశేషము.

ఆయన 1835 ఏప్రిలులో హారియట్ అను కన్యను వివాహమాడెను. 1837లో ఎలైజా అను కుమార్తె కలిగెను. ఇల్లు, ఉద్యోగము, పరిశోధన మూడును నిండుగ నున్న సమయమది. కాని దేహము ఆ శ్రమను భరింపలేకపోయెను. 1838లో ఎడతెగని తలనొప్పులు ప్రారంభమయ్యెను. విశ్రాంతికై ఆయన ఆ యేడే ఓడయెక్కి స్వదేశమునకు పోయెను. చేరునప్పటికే బుద్ధి మందగించియుండెను. వైద్యము ఫలింపలేదు. 1840 ఏప్రిలు 22న, నలుబది యేండ్లు నిండి ఎనిమిది మాసములైన వయస్సున, లండనులో మరణించెను. కంటికి కానని అరుగుదలను సైతము తూచి చెప్పిన మనుష్యుడు తన ఆయువు అరుగుటను మాత్రము లెక్కపెట్టుకొనలేదు. ఆయన జ్ఞాపకార్థము కలకత్తా పౌరులు హుగ్లీ ఒడ్డున కట్టించిన స్తంభముల మండపము ప్రిన్సెప్ ఘాట్ అను పేర నిలిచియున్నది.

ఆయన నాటిన తులము ఆయనకంటె చాలకాలము బ్రతికినది. 1939 నాటి తూకముల ప్రమాణ చట్టము తులము 180 గ్రెయినులనియు, శేరు 80 తులములనియు, మణుగు 40 శేర్లనియు మరల స్థిరపఱచెను. 1940లో రూపాయిలోని వెండి సగమునకు దిగినను ఎత్తు మాఱలేదు. స్వతంత్ర భారతమున 1956లో వచ్చిన చట్టము మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టగా, 1958 అక్టోబరునుండి కిలోగ్రాము అంచెలంచెలుగ అంగళ్ళలోనికి వచ్చెను. అప్పుడును పాత తూకములను క్రొత్తవానికి మార్చుటకు ఆధారము తులమే. తులము 11.6638 గ్రాములు, శేరు 933 గ్రాములకు కొంచెము మీదు, వీశె ఇంచుమించు 1,400 గ్రాములు, వంగదేశపు మణుగు 37.324 కిలోలు; చెన్నపట్నపు మణుగు 11.197 కిలోలు; బారువ 223.945 కిలోలు. తాతల చిట్టా ఆవర్జాలు చదువువారికి ఈ అంకెలు నేడును పనికివచ్చును.

ముఖ్యముగ బంగారము విషయమున ఒక జాగ్రత్త కలదు. నేటి నగల అంగళ్ళలో తులమనగా 10 గ్రాములని వాడుక. పాత వీలునామాలలోను, తాకట్టు కాగితములలోను, పంపకపు పట్టీలలోను తులమని యున్నచో అది ప్రిన్సెప్ నాటి తులమే కావచ్చును. పది తులముల మీద ఈ రెండింటికిని తేడా 16 గ్రాములకు పైమాట. అన్నదమ్ముల నడుమ, ఆడబిడ్డల నడుమ అంత బంగారము చిన్న విషయము గాదు. కాగితము ఏ కాలమునాటిదో, తులము ఏ తులమో ముందుగా తేల్చుకొని, అందఱి యెదుట లెక్క చెప్పి, పిదప త్రాసు ఎత్తుట పెద్దల పద్ధతి.